కేకు పొంగితే సరిపోదు.. లెక్క కుదరాలి!

డిగ్రీ అయిపోయింది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు. ఖాళీగా ఉండే బదులు ఇంట్లోనే చాక్లెట్ కేకులు చేసి అమ్మితే? కర్నూలు, కడప జిల్లాల్లో కొలువుల వేటలో ఉన్నవారికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచనే ఇది. ఆలోచన మంచిదే. చిక్కల్లా చాలామంది ముందు ఓవెన్ కొంటారు, తర్వాత లెక్క వేస్తారు. ఆ వరస తిరగేద్దాం!

డిసెంబరు 31 సాయంత్రం కర్నూలు రాజ్‌విహార్ దగ్గరో, కడప ఏడు రోడ్ల కూడలిలోనో ఒక్క గంట నిలబడి చూడండి. బేకరీల ముందు షామియానాలు, బల్లలు, వాటి మీద వరసగా కేకు డబ్బాలు. స్కూటర్ ఆపి, బేరమాడి, డబ్బా ముందు పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లే అందరూ. కేకు ఇప్పుడు మనవైపు పెద్దింటి సరదా కాదు. నిశ్చితార్థానికి కేకు, చంటిబిడ్డ తొలి పుట్టినరోజుకు కేకు, నంద్యాలలో బ్యాంకు కోచింగ్ రూముల్లో అర్ధరాత్రి పన్నెండు గంటలకు నలుగురు చేరి కోసుకునేదీ కేకే. గిరాకీ ఉంది, అందులో అనుమానం లేదు. అయితే ఆ గిరాకీలో మీ వంతు ఎంత? అది మీ నెల ఖర్చులకు సరిపోతుందా? వీడియోల్లో కనిపించనిది ఇదే. ఇరవై సెకన్లలో కేకు పొంగుతుంది, పైన చాక్లెట్ జారుతుంది, అక్కడితో వీడియో అయిపోతుంది.

మన ఊళ్లో కేకు చేయడానికీ, బెంగళూరులో చేయడానికీ పెద్ద తేడా ఉంది. ఆ తేడా పేరు ఎండ.

ఎండతో పోటీ పడొద్దు

కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అసలైన చాక్లెట్ నోట్లో పెట్టుకోగానే కరగడానికి కారణం అదే. వెన్న కూడా ఇంచుమించు అంతే. ఇక ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు మధ్యాహ్నం 40 దాటడం మామూలు సంగతి. మేడ మీద రేకుల గదిలోనో, పడమర గోడ ఉన్న వంటింట్లోనో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. అంటే మీరు ఏమీ చేయకుండానే చాక్లెట్ కరుగుతుంది. దాన్ని గట్టిగా నిలబెట్టడమే అసలు పని!

విప్పింగ్ క్రీమ్ సంగతీ అంతే. బేకరీలు వాడే నాన్ డెయిరీ క్రీమ్‌ను ఫ్రీజర్‌లో నిల్వ చేసి, ఫ్రిజ్‌లో కరిగించి, బాగా చల్లగా ఉన్నప్పుడే గిలకొట్టాలి. వేడి గదిలో గిలకొడితే నురగ నిలబడదు, నీళ్లలా జారిపోతుంది. అందుకే ఇక్కడ క్రీమ్ పని తెల్లవారుజామున 5 గంటలకు పెట్టుకోవడం ఉత్తమం. గిన్నెనూ, బీటర్ పుల్లలనూ అరగంట ముందే ఫ్రీజర్‌లో పెట్టండి. గిలకొట్టేటప్పుడు కింద ఇంకో గిన్నెలో ఐసు నీళ్లు ఉంచండి. మధ్యాహ్నం 2 గంటలకు డెలివరీ అడిగితే మొహమాటం లేకుండా కుదరదని చెప్పండి. పొద్దున 9 లోపు, లేదంటే రాత్రి 7 దాటాక. క్రీమ్ కరిగిన కేకు ఒక్కటి ఇచ్చారంటే, ఆ ఇంట్లోని ముప్పై మంది చుట్టాలకూ మీ పేరు అలాగే గుర్తుండిపోతుంది.

‘కాంపౌండ్’ అని అమ్మే చాక్లెట్ బిళ్లలు ఎండను కాస్త తట్టుకుంటాయి. కారణం, వాటిలో కోకో బటర్ బదులు వేరే వృక్ష సంబంధమైన కొవ్వు ఉంటుంది. అవి చవక కూడా. వాడుకోవడంలో తప్పులేదు. కానీ కాంపౌండ్ వాడి ‘ప్యూర్ చాక్లెట్ కేక్’ అని చెప్పుకోవడం మాత్రం మోసం.

ఎండ కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది పొడిగాలి. దీని గురించి తక్కువమందే మాట్లాడతారు. కోస్తాలో గాలి చెమ్మకు కేకు పైభాగం జిగటగా మారుతుంది. మనవైపు దానికి పూర్తిగా రివర్స్. ఓవెన్ నుంచి తీసిన స్పాంజిని గాలికి వదిలేసి ఫోన్ పట్టుకుని కూర్చుంటే, గంట తిరిగేసరికి అంచులు ఎండిపోయి రస్కులా అవుతాయి. గిన్నెలోంచి పది నిమిషాల్లో బయటికి తీసి, మరో ఇరవై నిమిషాలు జాలీ మీద ఆరనిచ్చి, గోరువెచ్చగా ఉండగానే క్లింగ్ ఫిల్మ్‌తో గట్టిగా చుట్టేయాలి. పొరలుగా కోసేటప్పుడు చక్కెర నీళ్లు చిలకరించడం ఎక్కడైనా అలవాటే, మనకు మాత్రం తప్పనిసరి. వెన్న కేకుల కన్నా నూనె కేకులు మెత్తగా ఎక్కువసేపు ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టినా వెన్నలా నూనె గడ్డకట్టదు కాబట్టి కేకు బిగుసుకుపోదు. పొడిగాలి వల్ల ఒక లాభం లేకపోలేదు. కోకో పొడి, చక్కెర డబ్బాల్లో గడ్డలు కట్టవు.

ఇవన్నీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు, అందులోనూ వేసవిలో మొదలుపెట్టేవారు, క్రీమ్ పువ్వుల జోలికి పోకుండా పైన ఏమీ లేని చాక్లెట్ స్పాంజితో బయల్దేరడమే మేలు. డబ్బాలో పెట్టి బస్సులో ఆదోనికి పంపినా అది చెదరదు. టీతో తింటారు, పిల్లల బాక్సులో పెడతారు. పుట్టినరోజుకు మాత్రమే కాదు, మామూలు రోజు కూడా అమ్ముడుపోయే సరుకు ఇది.

‘గుడ్డు లేకుండా చేస్తారా?’

ఆర్డరు కోసం ఫోన్ చేసినవాళ్లు ధర కన్నా ముందు అడిగే ప్రశ్న ఇది కావచ్చు. శనివారం ఒక్కపొద్దు అనో, అయ్యప్ప మాల వేసుకున్నామనో, ఇంట్లో పెద్దవాళ్లు తినరనో గుడ్డు వద్దంటారు. రాయలసీమ పట్టణాల్లో ‘బెంగళూరు అయ్యంగార్ బేకరీ’ బోర్డులు ఎందుకన్ని ఉన్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? 1898లో హాసన్ ప్రాంతం నుంచి వెళ్లిన హెచ్.ఎస్.తిరుమలాచార్ బెంగళూరు చిక్కపేటలో బీబీ బేకరీ పెట్టారు. గుడ్డు తగలని కేకులు, బన్నులు అయ్యంగార్ బేకరీల గుర్తింపుగా మారాయి. బళ్లారి, అనంతపురం దాటి ఆ పేరు మన వీధుల దాకా వచ్చింది. కాబట్టి గుడ్డు లేని కేకు మనవాళ్లకు కొత్త కాదు. వాళ్ల నాలుకకు దాని రుచి ముందే తెలుసు, మీరు చేసింది గట్టిగా ఉంటే ఇట్టే కనిపెట్టేస్తారు.

గుడ్డు కేకులో పని చేసేది గాలి. గుడ్లు, చక్కెర కలిపి బాగా గిలకొడితే నురగలో గాలి చిక్కుకుంటుంది, ఓవెన్ వేడికి అది వ్యాకోచించి కేకును లేపుతుంది. గుడ్డు లేనప్పుడు ఆ పని వంటసోడా చేయాలి. సోడాకు పులుపు తగలగానే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. పెరుగు, వెనిగర్, నిమ్మరసం.. పులుపు ఏదైనా సరే. ఈ చర్య కలిపిన క్షణం నుంచే మొదలవుతుంది కనుక, పిండి కలిపి పెట్టి అప్పుడు ఓవెన్ ఆన్ చేస్తే సగం గ్యాసు గిన్నెలోనే పోతుంది. ముందు ఓవెన్ వేడెక్కాలి, తర్వాతే తడి పొడి కలవాలి.

ప్రాక్టీసుకు ఒక కొలత ఇస్తున్నాం. ఇందులో గుడ్డు, వెన్న, పాలు మూడూ లేవు. ఆర్థిక మాంద్యం, యుద్ధకాలపు రేషన్ల రోజుల్లో అమెరికా ఇళ్లలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. కరవు సీమకు సరిగ్గా అతికే కేకు!

మైదా 190 గ్రాములు, చక్కెర 200 గ్రాములు, కోకో పొడి 30 గ్రాములు, వంటసోడా ఒక టీస్పూను, ఉప్పు అర టీస్పూను. వీటిని కలిపి రెండుసార్లు జల్లించాలి. చక్కెర పలుకు జల్లెడలో దిగదు కాబట్టి దాన్ని చివర్లో కలుపుకోండి. వేరే గిన్నెలో నీళ్లు 240 మి.లీ., నూనె 80 మి.లీ., వెనిగర్ ఒక టేబుల్ స్పూను, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను. తడిని పొడిలో పోసి, పిండి చారలు కనిపించనంత వరకే కలపాలి. దోశ పిండిలా గిరగిరా తిప్పితే మైదాలోని గ్లూటెన్ సాగి కేకు రబ్బరులా వస్తుంది. 8 అంగుళాల గుండ్రటి గిన్నెలో బటర్ పేపర్ పరిచి పోసి, ముందే 175 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 30 నుంచి 35 నిమిషాలు ఉంచాలి. మధ్యలో పుల్ల గుచ్చితే శుభ్రంగా రావాలి. 650 గ్రాములకు కాస్త అటూ ఇటూ కేకు తయారవుతుంది. అన్నీ సగం వేసుకుంటే 6 అంగుళాల గిన్నెకు సరిపోతుంది. దాని మీద క్రీమ్ వేస్తే అరకిలో కేకు.

నూనె విషయంలో ఒక మాట. మనిళ్లలో వేరుశనగ నూనె ఎక్కువ. గానుగ నూనె వేస్తే కేకంతా ఆ వాసనే వస్తుంది. వాసన లేని రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ నూనె వాడండి. కోకో ప్యాకెట్ వెనక కూడా చదవండి. క్షారంతో శుద్ధి చేసిన కోకో నల్లగా, తక్కువ చేదుతో ఉంటుంది కానీ దానిలో పులుపు ఉండదు. వెనిగర్ లేని రెసిపీల్లో ఇలాంటి కోకోకు సోడా ఒక్కటే వేస్తే కేకు సరిగ్గా లేవదు, సబ్బు రుచి కూడా తగలొచ్చు. పై కొలతలో వెనిగర్ ఉంది కాబట్టి ఆ బెంగ లేదు.

ఓవెన్ కన్నా ముందు త్రాసు

మొదట కొనాల్సింది ఓవెన్ కాదు, గ్రాముల్లో చూపించే డిజిటల్ త్రాసు. కప్పుతో కొలిస్తే మైదా ఒకసారి 110 గ్రాములు వస్తుంది, ఇంకోసారి నొక్కి నింపితే 150 వస్తుంది. నిన్నటి కేకు మెత్తగా వచ్చి, ఇవాళ్టిది గట్టిగా ఎందుకొచ్చిందో మీకే అర్థం కాదు. ఇంట్లో తినడానికి ‘అందాజ’ చాలు. డబ్బులు తీసుకున్నాక చాలదు.

పాత ప్రెషర్ కుకర్‌లో అడుగున ఉప్పో ఇసుకో పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి, లోపల స్టాండు మీద కేకు గిన్నె పెట్టి సన్న మంట మీద చేసుకోవచ్చు. కరెంటు పోయినా కేకు ఆగదు. నీళ్లు లేకుండా కాగుతుంది కాబట్టి, రోజూ అన్నం వండే కుకర్‌తో కాకుండా పక్కన పడేసిన పాతదానితో చేయండి, అమ్మతో మాటపడే పనుండదు. ఉష్ణోగ్రత చేతిలో ఉండదు కనుక ఇది అమ్మకానికి పనికిరాదు. ఈ పని మీకు నచ్చుతుందా లేదా అని తేల్చుకోవడానికి మాత్రం సరిపోతుంది. ఇలా చేసిన మా మొదటి కేకు అచ్చం కడప బండే. రంగు కూడా అదే! మంట ఎక్కువ పెట్టాం, పైగా పది నిమిషాలకోసారి మూత తీసి చూశాం.

పోటీ పరీక్షలకు మాక్ టెస్టులు రాసినట్టే ఒకే కేకును పదిసార్లు చేయండి. రకరకాలు వద్దు, ఒకటే. ప్రతిసారీ నోటుబుక్కులో తేదీ, గది వేడి, ఓవెన్ డిగ్రీలు, నిమిషాలు, ఫలితం రాయండి. మధ్యలో కుంగిందా? లోపల పచ్చిగా ఉండగానే తీశారు, లేదా తలుపు తొందరపడి తెరిచారు, లేదా సోడా ఎక్కువైంది. పైన గోపురంలా లేచి పగిలిందా? వేడి ఎక్కువ. చిన్న ఓవెన్లలో బిళ్ల మీద 175 అని ఉన్నా లోపల 195 ఉండొచ్చు. లోపల పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొంటే ఆ గుట్టు బయటపడుతుంది. పది కేకుల్లో వరసగా చివరి నాలుగూ ఒకేలా వచ్చాయంటే అప్పుడు ఓవెన్ ధరలు చూడండి.

ఆ పది కేకులనూ ఇంట్లోవాళ్లకే పెట్టకండి. మీ మీద ప్రేమతో బాగుందంటారు. మిమ్మల్ని పెద్దగా పట్టించుకోని పక్కింటివాళ్లకు ఇవ్వండి. రెండోసారి అడిగారా, లేదా? అదే మార్కు.

అసలు పరీక్ష.. రూపాయల్లో

ఇప్పుడు నోటుబుక్కులో కొత్త పేజీ. కింద వేసినవి ఉదాహరణ ధరలు. మీ ఊరి కిరాణా ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

పైన చెప్పిన కేకుకు మైదా కిలో రూ.50 చొప్పున రూ.10 లోపు. చక్కెర రూ.9. నూనె రూ.12. సోడా, వెనిగర్, ఎసెన్స్, ఉప్పు కలిపి రూ.5. కోకో కిలో రూ.1,000 అనుకుంటే ఒక్కదానికే రూ.30. చూశారా, గిన్నెలో 30 గ్రాములున్న కోకో 190 గ్రాముల మైదాకు మూడింతల ఖరీదు. ఐవరీ కోస్ట్, ఘనాల్లో పంట దెబ్బతిని 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రపంచ మార్కెట్లో టన్ను కోకో 10 వేల డాలర్లు దాటింది. ఏలూరు, పశ్చిమ గోదావరి తోటల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ మధ్య పండే కోకోలో దేశంలో మన రాష్ట్రమే ముందుంది. అయినా ధర మాత్రం ప్రపంచ మార్కెట్‌ను బట్టే ఊగుతుంది. కాబట్టి ఏడాది క్రితం రాసుకున్న ధరతో ఇవాళ అమ్మకండి.

పదార్థాలు మొత్తం రూ.66 అయ్యాయి. 1,500 వాట్ల ఓవెన్ ముప్పావు గంట పూర్తిగా కాలితే ఒక యూనిట్ పైచిలుకు కరెంటు, రూ.8 అనుకుందాం. ఇంటి బిల్లు శ్లాబు మారితే ఇది పెరుగుతుంది. డబ్బా, అట్ట, బటర్ పేపర్ రూ.25. ఇక్కడికి దాదాపు రూ.100. పది కేకుల్లో ఒకటి పాడవుతుంది, ఆ నష్టాన్ని మిగతావాటిపై పంచితే కేకుకు మరో రూ.10. డెలివరీ పెట్రోలు రూ.15. మొత్తం రూ.125.

రూ.300కు అమ్మితే మిగిలేది రూ.175. బాగుందే అనిపిస్తుంది కదా? ఆగండి. తూకాలు, కలపడం 20 నిమిషాలు. ఓవెన్ 35. ఆరబెట్టి ప్యాక్ చేయడం 20. గిన్నెలు కడగడం 15. వాట్సాప్‌లో ‘కొంచెం తగ్గించండి అక్కా’ మెసేజులకు జవాబులు, డెలివరీకి పోయి రావడం 45. రెండుంపావు గంటలు. అంటే గంటకు రూ.78. ఇదీ మీ అసలు జీతం. ‘కేకుకు రూ.66 ఖర్చయింది, రూ.300 వచ్చింది, రూ.234 లాభం’ అనుకునేవాళ్లు ఆరు నెలల్లో అలసిపోయి ఎందుకు మానేస్తారో ఇక్కడ అర్థమవుతుంది.

ఇంకో లెక్క. ఓవెన్ రూ.7,000, త్రాసు రూ.500, గిన్నెలు, బీటర్ రూ.1,500, మిగతా సరంజామా రూ.1,000. మొత్తం రూ.10 వేలు. కేకుకు రూ.175 చొప్పున ఇది తిరిగి రావాలంటే 58 కేకులు అమ్మాలి. వారానికి రెండే ఆర్డర్లయితే ఆరు నెలలు దాటుతుంది. రోజుకొకటి అయితే రెండు నెలలు. నెలకు రూ.15 వేలు మిగలాలంటే 86 కేకులు, అంటే సెలవు లేకుండా రోజుకు మూడు. తొలి ఏడాది అంత గిరాకీ తెచ్చుకోవడం తేలిక కాదు. అందుకే నిర్మొహమాటంగా చెప్పాలంటే, ఇంటి కేకు మొదట్లో ఉద్యోగానికి ప్రత్యామ్నాయం కాదు. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదువుకుంటూ, పుస్తకాలకూ దరఖాస్తు ఫీజులకూ ఇంట్లో చేయి చాపకుండా గడుపుకోవడానికి బాగా పనికొస్తుంది. దాన్ని తక్కువగా చూడక్కర్లేదు.

గంట జీతం పెంచుకునే దారులున్నాయి. ఒక్కో కేకు కాకుండా రెండు రోజుల ఆర్డర్లు కలిపి ఒకేసారి చేయండి. ఓవెన్ ఒకసారి వేడెక్కితే వరసగా నాలుగు చేయొచ్చు, గిన్నెలు ఒకసారే కడగొచ్చు. డెలివరీ బదులు ‘ఇంటికొచ్చి తీసుకెళ్తే రూ.20 తక్కువ’ అనండి, ముప్పావు గంట మిగులుతుంది. హాస్టళ్ల దగ్గర ఉన్నవారు నలుగురికి సరిపోయే పావుకిలో కేకు చేసి చూడండి. కుర్రాళ్లు జేబులో ఉన్నంతే పెడతారు, కానీ హాస్టల్‌లో పుట్టినరోజులు ఏడాది పొడవునా వస్తాయి. చిన్న కేకుకు గ్రాము ధర ఎక్కువ వేసినా ఎవరూ అడగరు.

సంగటి పిండితో చాక్లెట్

అయ్యంగార్ బేకరీ వాళ్లతో ధరలో పోటీ పడలేరు. వాళ్లు మైదా బస్తాల్లో కొంటారు, మీరు కిలోల్లో కొంటారు. వాళ్ల దగ్గర లేనిది మీ దగ్గర ఏముంది? మన ఇళ్లలో సంగటి కోసం ఎప్పుడూ ఉండే రాగిపిండి! చాక్లెట్ రంగులో రాగి రంగు కలిసిపోతుంది, కమ్మటి వాసన కోకోకు తోడవుతుంది. అయితే రాగిలో గ్లూటెన్ లేదు. మొత్తం రాగితోనే చేస్తే కేకు ముక్క కోయగానే పొడిపొడిగా రాలుతుంది. మైదాలో 30 శాతం తీసి ఆ మేరకు రాగిపిండి వేయండి, అంటే 190లో దాదాపు 57 గ్రాములు. రాగి నీళ్లు ఎక్కువ పీలుస్తుంది కాబట్టి రెండు మూడు చెంచాల నీళ్లు అదనం. పిండిని మెత్తగా ఆడించి సన్న జల్లెడ పట్టాలి, లేకపోతే ఇసుకలా తగులుతుంది. కొర్రపిండితోనూ ఇలాగే చేయొచ్చు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచే ‘సూర్యనంది’ కొర్ర రకం వచ్చింది, సరుకుకు ఇక్కడ కరవు లేదు. పిల్లలకు మైదా పెట్టాలంటే వెనకాడే తల్లులకు మీరు చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది. ‘షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చు’ అని మాత్రం చెప్పకండి. అందులో 200 గ్రాముల చక్కెర ఉంది!

కాగితాల పని

ఇంట్లో చేసినా సరే, అమ్ముతున్నారంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2011 నిబంధనలు చిన్న వ్యాపారులకు పెట్టింది బేసిక్ రిజిస్ట్రేషన్. ఆ నిబంధనల్లో మొదట పెట్టిన టర్నోవర్ పరిమితి ఏడాదికి రూ.12 లక్షలు, ఫీజు ఏడాదికి రూ.100. ఫోస్కాస్ పోర్టల్‌లో ఫొటో, గుర్తింపు కార్డుతో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. మధ్యవర్తికి వేలు ఇవ్వాల్సిన పనేమీ లేదు. వచ్చిన 14 అంకెల నంబరును డబ్బా మీద వేయాలి. ఫుడ్ డెలివరీ యాప్‌లలో చేరాలన్నా ఇదే అడుగుతారు. ప్యాకెట్ చేసి అమ్మితే పదార్థాలు, తయారీ తేదీ, ఎన్నాళ్లలోపు తినాలో రాయాలి. గుడ్డు వాడిన కేకుకు మాంసాహార గుర్తు పెట్టాలి. గుడ్డు కేకు, గుడ్డు లేని కేకు ఒకే గిన్నెలో చేస్తుంటే ఆ సంగతి కస్టమర్‌కు ముందే చెప్పేయండి. మాల వేసుకున్నవారి ఇంటికి ఇచ్చాక తెలిస్తే సమాధానం చెప్పలేరు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఎవరైనా డబ్బులడిగితే అది ప్రభుత్వ సైటు కాదు. కేకులు, కోకో పొడి, చాక్లెట్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఇది ముడిసరుకు కొనుగోలులో మీకు కలిసొచ్చే అంశం. ముద్ర రుణాల్లో ‘శిశు’ విభాగం కింద రూ.50 వేల దాకా ఇస్తారు. కానీ నెలనెలా మళ్లీ వచ్చే కస్టమర్లు పదిమంది లేకుండా అప్పు చేసి ఓవెన్ కొనకండి. వాయిదా కట్టే తేదీకి ఆర్డర్లతో సంబంధం ఉండదు.

కేకు నచ్చి.. వ్యాపారం నచ్చకపోతే?

పదో కేకు దగ్గర కొందరికి ఇంకో విషయం తెలిసొస్తుంది. బేరాలు, డెలివరీలు నచ్చవు, కానీ ఓవెన్ ముందు నిలబడటం నచ్చుతుంది. వాళ్లకు దారులు వేరే. ఐటీఐల్లో ‘బేకర్ అండ్ కన్ఫెక్షనర్’ ట్రేడ్ ఏడాది కోర్సు. తిరుపతిలోని స్టేట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్, హైదరాబాద్ విద్యానగర్‌లోని ఐహెచ్‌ఎం హోటల్ రంగం వైపు తీసుకెళ్తాయి. పెద్ద హోటళ్లలో పేస్ట్రీ కిచెన్ వేరే విభాగం. చివరి మెట్టు ‘కమీ’ స్థాయి నుంచి మొదలవ్వాలి. పని గంటలు ఎక్కువ, పండుగ రోజు సెలవు ఉండదు. అది తెలిసే వెళ్లండి. శాస్త్రం వైపు ఆసక్తి ఉంటే మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐలో పిండి మర, బేకింగ్ సాంకేతికతకు ప్రత్యేక విభాగమే ఉంది, స్వల్పకాలిక కోర్సులూ నడుపుతారు. ఇంటర్ చదువుతున్న తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకు చెప్పండి, ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కడప జిల్లా పులివెందులలోనే ఫుడ్ టెక్నాలజీ కళాశాల ఉంది. బీటెక్ ఫుడ్ టెక్నాలజీ, లేదా మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ వంటి డిగ్రీలు చేసినవారికి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టులకు అర్హత ఉంటుంది.

డబ్బు పెట్టకుండా నేర్చుకోవాలంటే జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ, అంటే ఆర్‌సెటీకి వెళ్లి ఏ బ్యాచ్‌లో ఏ కోర్సు ఉందో కనుక్కోండి. భోజనం, వసతితో సహా ఉచితం. నంద్యాల జిల్లా యాగంటిపల్లె, కర్నూలు జిల్లా బనవాసి, కడప పక్కన ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో చిరుధాన్యాల వంటకాల మీద శిక్షణల గురించి అడగండి. ఒక్కరోజు వర్క్‌షాపుకు వేలు తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చేవి కూడా కనిపిస్తాయి. ఆ సర్టిఫికెట్ చూసి ఏ బేకరీ యజమానీ ఉద్యోగం ఇవ్వడు. మీ పది కేకుల నోటుబుక్కు చూపిస్తే కనీసం రెండు ప్రశ్నలు అడుగుతాడు.

ఇక ఈ ఏడాది డిసెంబరుకే మొదలుపెట్టాలనుకుంటున్నారా? అయితే ఆ నెల లెక్క ఇప్పుడే వేసుకోండి. 28 లీటర్ల ఓవెన్‌లో 8 అంగుళాల గిన్నె ఒకటే పడుతుంది. వేడెక్కడం, కాలడం కలిపి గంటకొకటి. పది గంటలు నిలబడితే పది కేకులు, మధ్యలో కరెంటు పోతే ఎనిమిది. 31న నలభై ఆర్డర్లు వస్తే సంబరపడి ఒప్పేసుకోవద్దు. 29, 30 తేదీల్లో పదేసి స్పాంజిలు చేసి గట్టిగా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, 31 పొద్దున ఇంకో అయిదు. మొత్తం పాతిక. ఇరవై ఆరో వ్యక్తి ఫోన్ చేసినప్పుడు ‘సారీ అన్నా, అయిపోయాయి. సంక్రాంతికి చెప్పండి, రాగి కేకు చేసిస్తా’ అనండి. అతని నంబరు మాత్రం రాసి పెట్టుకోండి.